సంఘం గింజకు దండం

సంఘం అక్కలారా, మీకు దండం.

జహీరాబాద్ ఎర్రచెల్కల్లో ఆకలిని ఎదురుగా చూసినవాళ్లు మీరు. చేతిలో పట్టా ఉన్నా చేనులో పైరు లేని రోజులవి. ఎడ్లు లేక, ఎరువు లేక మీ భూములు పడావు పడితే, పొద్దున్నే పెద్దరైతు చేనుకు కూలికి నడిచినవాళ్లు మీరు. 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన పి.వి. సతీష్, ఆయన తోటివారు పల్లెల్లో మీ మహిళా సంఘాల నడుమ కూర్చొని మిమ్మల్నే దారి అడిగారు. మీరు చెప్పిన దారి మీ చేను మీదుగానే సాగింది.

మీ లెక్కకు దండం. 1990లలో మీరు మీదైన రేషన్‌ను నిలబెట్టుకున్నారు. పడావు భూమి దున్నుకోవడానికి అప్పు తీసుకున్నారు, ఆ అప్పును జొన్నలు కొలిచి తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉన్నాయి, పని దొరకని నెలల్లో తక్కువ ధరకు పేదిళ్లకు చేరాయి. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో తేల్చడానికి మీకు దఫ్తరు అక్కర్లేకపోయింది. నేల మీద ఊరి పటం గీశారు. ఇల్లిల్లూ తలుచుకున్నారు. అందరి ముందూ మాట్లాడుకుని తేల్చారు.

మీ చేనుకు దండం. ఒక్క చెల్కలో పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద. వాటి సందుల్లో కంది, పెసర, అనుము, అలసంద. ఒకటి ఎండితే మరొకటి గింజ పడుతుంది. కాయధాన్యాల వేర్లు నేలకు బలమిస్తాయి, చొప్ప పశువుకు మేతవుతుంది, పశువు పేడ మళ్లీ చేనుకే ఎరువవుతుంది. వానలు వెనుదిరిగాక మంచు తేమకే పండే మీ సత్యం పంటలకు వేరుగా మరో దండం.

మీ విత్తనానికి దండం. బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టకు మట్టి మెత్తి దాచిన విత్తనం అది. అడిగిన ఇంటికి అందుతుంది, పంట చేతికొచ్చాక మరికాస్త ఎక్కువ కొలతతో తిరిగొస్తుంది. సంక్రాంతి వేళ ఆ విత్తనాలే అలంకరించిన ఎడ్లబండ్లెక్కి పాత పంటల జాతరగా ఊరూరా తిరుగుతాయి.

మీ గొంతుకు దండం. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో పలికింది. మైకు ముందు కూర్చున్నది దళిత మహిళలు. గాలిలో వినిపించింది మీ పాట, మీ పంట, మీ మాట.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి మీ ఇంటికొచ్చింది. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందే, ఎవరూ అడగని రోజుల్లోనే, మీరు ఆ గింజను కాపాడారు. సతీష్ ఆ 2023లోనే కన్నుమూశారు. చేను మీ చేతుల్లో ఉంది.

చదువరులారా, కొర్రలు కొనేటప్పుడు అవి పండించిన ఆడబిడ్డకు దక్కిందెంతో అడగండి. ఆకలిపై పథకం రాసే పెద్దలారా, ముందు ఆకలి తెలిసినవాళ్ల దగ్గర కూర్చోండి. ఏం విత్తాలో, ఎంత దాచాలో, ఎవరికి ముందు పెట్టాలో వాళ్లకు తెలుసు.