చుక్క పడని పనులు

పనుల రొదలో మనసు నిమ్మళంగా ఉంచుకోవడం ఎలాగో చెబుతూ, అమెరికాలో రైడర్ కారొల్ అనే డిజైనరు 2018లో ‘ది బులెట్ జర్నల్ మెథడ్’ అనే పుస్తకం రాశారు. చిన్నతనంలో ఏకాగ్రత నిలవక అవస్థపడ్డ మనిషి గనక, ఆయన మాటల్లో అనుభవం కనిపిస్తుంది.

కావలసిందల్లా ఒక నోటుపుస్తకం, ఒక కలం. పనికి చుక్క, పెళ్లీ పేరంటం లాంటివాటికి సున్న, గుర్తుంచుకోవలసిన మాటకి చిన్న గీత. పనైపోతే చుక్కమీద ఇంటూ మార్కు. నెలాఖరున మిగిలిన పనుల్ని కొత్త పేజీలోకి మళ్లీ చేత్తో ఎక్కించాలి. ఎక్కించడానికే బద్ధకమేస్తే ఆ పని అక్కర్లేదన్నమాట, కొట్టెయ్యమంటారాయన. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది నాకు భలే నచ్చింది. సగం బరువు అక్కడే దిగిపోతుంది.

పేచీ అంతా ఇంటిపనుల దగ్గరే. పాలు కాచడం, పిండి రుబ్బడం, అత్తగారికి వేళకి మాత్రలివ్వడం... ఇవాళ చేస్తే రేపు మళ్లీ మొలిచే పనులివి. కొట్టేద్దామంటే ఇల్లు ఆగిపోతుంది. రోజూ ఉండేవేగా అని మనం అసలు రాయనే రాయం. రాయం గనక అవి పనులని ఎవరికీ తోచదు. “పొద్దుటినుంచీ ఏం చేశావ్?” అంటే చూపించడానికి మన దగ్గర ఒక్క చుక్కైనా ఉండదు!

అందుకని ఒక్క వారం వీటికీ చుక్కలు పెట్టి చూడండి. పుస్తకం బీరువాలో దాచకుండా భోజనాలబల్ల మీద తెరిచి ఉంచండి. మిగిలిన పనిని వచ్చే నెలకి జరపమన్నారు కారొల్ గారు. మనం పక్కమనిషికి జరుపుదాం!