ఇంటి గానభాండాగారము

నెలనెలా రుసుము చెల్లించి వినెడి పాట, ఆ సంస్థకును హక్కుదారులకును నడుమనున్న ఒడంబడిక ముగిసిన నాడు, మనకొక మాటైనను చెప్పకయే జాబితానుండి మాయమగుట నేటి శ్రోతలెఱిగినదే; కనుక కొని దాచుకొన్న సీడీలను ఇంటనే ఒక చిన్న యంత్రమున నిక్షేపించి, అందుండి ఫోనుకు పాట రప్పించుకొనుట విలాసము కాదనియు, సంగీతాభిమానులకు అది గృహకృత్యమే యనియు నా అభిప్రాయము.

సామగ్రి స్వల్పము. రాస్ప్‌బెర్రీ పై గాని, మూలబడిన ల్యాప్‌టాప్ గాని చాలును. అందు నావిడ్రోమ్ అను ఉచిత సాఫ్ట్‌వేరును నెలకొల్పి, పాటల ఫోల్డరు జాడ తెలిపి, బ్రౌజరులో యంత్రపు చిరునామాకు 4533 అను పోర్టు సంఖ్యను చేర్చి తెరచినచో సర్వరు పలుకును. సీడీలోని ధ్వని గంటకు సుమారు 635 ఎంబీలు. ఫ్లాక్ రూపమునకు మార్చినచో నాదమున రవ్వంతయు నష్టము లేకయే అది తఱచు సగమునకు అటునిటుగా తగ్గును.

అసలు శ్రమ ప్రతి పాట ఫైలులోని గడులలో పేర్లు వ్రాయుటలో నున్నది. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలనే చూడుడు: ‘లాహిరి లాహిరి’ వద్ద ఘంటసాల, లీల, ‘వివాహ భోజనంబు’ వద్ద మాధవపెద్ది సత్యం. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అను గడి ఖాళీగా నున్నచో, సర్వరు ఆ ఒక్క చిత్రమును గాయకుల వారీగా ముక్కలు చేసి, వేర్వేరు ఆల్బములుగా చూపును. మన సినిమాపాటకు చిత్రమే ఇంటిపేరు. ఆ గడిలో అన్ని పాటలకును ఒకే పేరు వ్రాసినచో అవి ఒక్కచోట చేరును. గేయరచయిత గడిని సైతము నేను విడువను. పింగళి నాగేంద్రరావుగారి పేరు లేక ‘లాహిరి లాహిరి’ని దాచుట నాకు మనస్కరింపదు.

కర్ణాటక సంగీతమున ఈ పని మఱింత సూక్ష్మము. ‘ఎందరో మహానుభావులు’ పాడిన విద్వాంసులెందఱున్నను, వెదకువానికి త్యాగరాజును శ్రీరాగమును ముఖ్యము. ఫ్లాక్ ఫైలున మనకు వలసిన గడిని మనమే కల్పించుకొనవచ్చును. గడి పేరు ఆంగ్లాక్షరములలోనే యుండవలెను గాని, అందలి విషయము తెలుగు లిపిలో నిరభ్యంతరముగ వ్రాయవచ్చును. రాగమునకు అట్టి గడి యొకటి కల్పించి, ఇటీవలి నావిడ్రోమ్ అమరికలలో దానిని పేర్కొన్నచో, ఒక రాగపు కృతులన్నిటిని ఒక జాబితాగా కూర్చుకొనవచ్చును. అయితే ఒకచో ‘శ్రీ’ యనియు, మఱొకచో ‘శ్రీరాగం’ అనియు వ్రాసినచో యంత్రమునకు అవి రెండు రాగములు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి సాధనము ధ్వనిని బట్టి పాటను గుర్తుపట్టునే గాని, మన పాత రికార్డుల విషయమున నేను సీడీపెట్టెలోని కాగితమునే ప్రమాణముగ గొందును.

ఈ పేర్లన్నియు సర్వరులో గాక ఫైలులోనే నిలుచును గావున, రేపు నావిడ్రోమునకు బదులు జెల్లీఫిన్ వంటి మఱొక సర్వరును నెలకొల్పినను శ్రమ వృథా కాదు. డిస్కు చెడుటకు మాత్రము ముహూర్తము లేదు. రెండవ ప్రతి వేఱొక డిస్కున, వీలైనచో వేఱొక ఇంట నుండవలెను.