బంతి రాని చోట వెలిగిన ఆట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ ఆటలోని సొగసు తెలియాలంటే బంతిని కాసేపు మరిచిపోవాలి. ఎటు పరిగెత్తాలో బంతి అందుకోవలసిన రిసీవర్‌కి ముందే తెలుసు. అతణ్ణి కాచుకోవలసిన కార్నర్‌బ్యాక్‌కి తెలియదు. వెనక్కి అడుగులేస్తూనే, ఎదుటివాడి నడుము కదలికలో రాబోయే మలుపును పసిగట్టాలి. ఐదు గజాలు దాటాక చెయ్యి అడ్డం పెడితే ఫౌల్. ఇక దిక్కల్లా పాదాలే. డారెల్ రెవిస్ ఆడుతుంటే మాత్రం దారి ఎంచుకున్నది అతడేననీ, రిసీవరే వెంటపడుతున్నాడనీ అనిపించేది.

న్యూయార్క్ జెట్స్‌కి 2009లో అతడు ఆడిన సీజన్ ఒక సంపూర్ణ కళాకృతి. ఆ ఏడాది లీగ్‌లో క్యాచ్‌లతో అందరికంటే ఎక్కువ గజాలు రాబట్టిన ఆండ్రీ జాన్సన్‌ని తొలి మ్యాచ్‌లో 35 గజాలకే కట్టేశాడు. మరుసటి వారం రాండీ మాస్‌కి దక్కినవి 24. లీగ్ దశ చివరి మ్యాచ్‌లో చాడ్ ఓచోసింకోకి ఒక్క క్యాచ్ కూడా లేదు. కోచ్ రెక్స్ ర్యాన్ తరచు అతణ్ణి ఒంటరిగా వదిలేసి, తోడుండాల్సిన మనిషిని బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపేవాడు. రెవిస్ కాచే చోటికి ‘రెవిస్ ఐలండ్’ అని పేరు పడింది. అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టుగా జెట్స్ నిలిచింది.

అదే సీజన్‌లో శాన్ డియేగోతో ప్లేఆఫ్‌లో, పడిపోయిన రిసీవర్ విన్సెంట్ జాక్సన్ కాలికి తగిలి ఎగిరిన బంతిని ఒడిసిపట్టాడు. అదృష్టమే కావచ్చు. కానీ అంత దగ్గరగా అంటిపెట్టుకుని ఉన్నవాణ్ణే ఆ అదృష్టం వరించింది.

2012 సెప్టెంబర్‌లో మయామీలో మోకాలి లిగమెంట్ తెగింది. 2014లో న్యూ ఇంగ్లండ్ జట్టులో మళ్లీ మెరిసి సూపర్ బౌల్ గెలిచాడు గానీ, శిఖరం మీద గడిపిన కాలం మొత్తం నాలుగైదేళ్లే. కెరీర్‌లో ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థి విసరగా తాను పట్టిన బంతులు, 29. మరో దిగ్గజం రాడ్ వుడ్‌సన్ 71 పక్కన అది చిన్న అంకెలా కనిపిస్తుంది. అయితే విసరని బంతిని ఎవరు పట్టగలరు? క్వార్టర్‌బ్యాక్ అటు చూసి, మనసు మార్చుకుని, మరోవైపు విసిరిన ప్రతిసారీ రెవిస్ గెలిచాడు. ఆ గెలుపును రాసే గడి స్కోరు పట్టికలో లేదు.

కార్నర్‌బ్యాక్‌కి వయసును దాచుకునే చోటుండదు. వేగం అరడుగు తగ్గినా మైదానమంతా చూస్తుంది. అందుకే ఈ స్థానంలో పరిపూర్ణత ఎక్కువ కాలం నిలవదు. దాన్ని లోపంగా లెక్కించడం అన్యాయం. కేవలం 68 మ్యాచ్‌లాడిన రన్నింగ్‌బ్యాక్ గేల్ సేయర్స్‌కి 1977లోనే హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరిచింది. రెవిస్‌ని 2023లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే, కాంటన్‌లోని ఆ హాల్ ఆఫ్ ఫేమ్ ఆహ్వానించింది. అది దయ కాదు, సరైన తూకం. చాలాకాలం బాగా ఆడినవారిని గౌరవించాల్సిందే. కానీ ఒక స్థానాన్ని ఎంత అందంగా ఆడవచ్చో మొదటిసారి చూపించినవాడు తర్వాతి తరాలకు కొలబద్ద అవుతాడు. రస సిద్ధికి నిడివి షరతు కాదు, నిండుదనమే షరతు. ఆ నిండుదనం రెవిస్ ఆటలో ఉంది.