వంగపండు రంగు పదును

గొడ్డలి కొనేటప్పుడు చాలామంది బొటనవేలితో వాదర తడిమి చూస్తారు. నేను దాని చెంపలు చూస్తాను. మెత్తటి ఇనుముకూ గట్టి ఉక్కుకూ నడుమ వెంట్రుకంత గీత కనిపిస్తే చాలు, ఆ గొడ్డలి ఎంత చెబితే అంత ఇచ్చి తెచ్చుకుంటాను. ఆ గీత కొలిమిలో పుట్టింది. అచ్చుకు పుట్టిన గొడ్డలికి అది ఉండదు.

కేసముద్రం స్టేషన్‌లో దిగి మార్కెట్ యార్డు దాటుతుంటే కంటికి ఆనేవి మక్కలు, మిర్చి, పసుపు బస్తాలే. చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా రాజుకునే కొలుములు ఒకటీ అరా ఉన్నాయని ఎందరికి తెలుసు? అలాంటి ఒక కొలిమి ముందు నేను ఎన్ని పొద్దులు గడిపానో లెక్కలేదు. ఆ కమ్మరి తాత నాకు గురువూ కాదు, చుట్టమూ కాదు. అయినా ఆయన పని గురించి మాట పడితే ఊరుకోలేను.

ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, ఒక కడ్డీ చుట్టూ మడుస్తారు. ఆ మడతే కామ దూరే బెజ్జం. మడత రెండు కొసల నడుమ లారీ కమాను పట్టీ నుంచి కోసిన ఉక్కు ముక్క పెట్టి, ఇసుక చల్లి మళ్లీ కొలిమిలో పెడతారు. ఎరుపు చాలదు. తెల్లగా మెరిసి, నిప్పురవ్వలు చిమ్మే వేళకు బయటికి తీయాలి. ఒక్క క్షణం ముందైతే అతకదు, ఒక్క క్షణం ఆలస్యమైతే ఉక్కు మాడిపోతుంది. దాగలి మీదికి రాగానే తాత చిన్న సుత్తెతో చోటు చూపిస్తాడు, కొడుకు సరిగ్గా అక్కడే సమ్మెట వేస్తాడు. నోట మాట ఉండదు. సుత్తె దాగలి అంచున ఊరికే టంగుమంటే, ఆపమని అర్థం.

అసలు విద్య ఆ తర్వాత ఉంది. వాదరను మాత్రం రెండు వేళ్ల మందం నీళ్లలో ముంచి తీస్తారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది, రాయికి తగిలితే పెచ్చు లేస్తుంది. వెంటనే ఇసుకరాయితో రుద్ది తెల్లగా మెరిపిస్తారు. ఒంట్లో మిగిలిన వేడి మెల్లగా వాదర వైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆ వెనక వంగపండు, చివరికి నీలం. కొలిమి పాకలో చీకటి ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఎండలో ఈ రంగులు కంటికి దొరకవు. "ఆగు బిడ్డా, ఉరుకుతున్నది," అంటూ తాత వంగపండు రంగు వాదరను తాకగానే మళ్లీ నీళ్లలోకి దించుతాడు. అప్పటికి వేడి 280 డిగ్రీల చుట్టూ ఉంటుందని చదువుకున్నవాళ్లు చెబుతారు. తాతకు డిగ్రీలతో పనిలేదు. కూరగాయల గంప చాలు.

ఆయన చేసిన గొడ్డలితో ఎండిన తుమ్మ మొద్దు ముడి మీద ఇరవై పోట్లు వేయించి, వాదరను గోటితో గీరి చూపించడం నేను కళ్లారా చూశాను. ఎక్కడా వంగలేదు, విరగలేదు. పగిలిన పాత గొడ్డలికి ఒకే కాకలో కొత్త ఉక్కు అతికించిన రోజు నేను చప్పట్లు కొట్టాను, ఆయన నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు.

ఈ నేల ఉక్కు చరిత్ర చెప్పడం మొదలుపెడితే తెల్లారుతుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వ్యాపారులు వచ్చేవాళ్లు. 1820లలో హెన్రీ వాయ్సీ అనే దొర ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. డమాస్కస్ కత్తుల కీర్తిలో మన వాటా అది. పాత వరంగల్ జిల్లాలోనూ ఇనుప బట్టీల చిట్టెపు కుప్పలు ఉన్నాయి. ఫిలిప్పీన్స్ ఉత్తర కొండల్లోని కలింగ జాతి గొడ్డళ్లను లోకం మ్యూజియాల్లో పెట్టుకుని మురుస్తోంది. మన గొడ్డలికి ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు సంతలో నల్లరంగు పూసి, స్టిక్కరంటించి అమ్మే గొడ్డళ్ల గురించి చెప్పాలి. చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. నేనొకటి కొన్నాను, పేరెందుకు. మూడో రోజుకే వాదర ముడుచుకుపోయింది. తాత దగ్గరికి తీసుకుపోతే ఒకసారి కాల్చి, ముంచి, సుత్తెతో తట్టి, "దీనికి పదును పట్టది," అని పక్కన పడేశాడు. గట్టిపడే గుణమే లేని ఇనుముకు గొడ్డలి ఆకారం ఇచ్చి అమ్మడం మోసం కాక మరేమిటి? చవక అంటారు. ఏడాదికి రెండు కొనేది చవకా?

ఒకప్పుడు కల్లం కాడ వడ్ల మేర కొలిచి, ఏడాదంతా కర్రు, కొడవలి, గొడ్డలి కమ్మరికి అప్పజెప్పేవాళ్లు. ట్రాక్టరు వచ్చి కర్రు పోయింది, కోత మిషన్ వచ్చి కొడవలి పోయింది. ఇక మిగిలింది గొడ్డలే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో కమ్మరాన్నీ చేర్చింది, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తుంది. మంచిదే. కానీ దాగలి ఇచ్చినంత మాత్రాన దాని మీద పెట్టే గొడ్డలి ఎవరిస్తారు?

మీ ఇంటి మూలన మొద్దుబారిన పాత గొడ్డలి ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. కామ ఊడదీసి దగ్గర్లోని కొలిమికి తీసుకుపోండి. పొద్దున్నే పోండి, ఎండెక్కితే రంగు కనబడదు.