పథ్యమా, నీకో దండకం

పథ్యమా! పండగనాడు కూడా సెలవు పెట్టనిదానా, పెళ్లిపందిట్లో నా పక్క కుర్చీలోనే కూర్చునేదానా, ఊరెళ్తుంటే నాకంటే ముందు సంచీలోకి ఎక్కేదానా, నీకు దండం. ఆవకాయ మీద పద్యాలున్నాయి. గోంగూర మీద పాటలున్నాయి. కాఫీకి దండకాలే ఉన్నాయి. నీకు మాత్రం చిట్లించిన మొహాలు, "పాపం, పథ్యమట" అనే జాలి. నిన్ను పొగడాలంటే నీతో కాపురం చేసినవాడే పొగడాలి. చేస్తున్నాను కాబట్టి మొదలుపెడతాను.

నువ్వు ఊరికే రాలేదు. ముందు ఉబ్బరం వచ్చింది, పులితేన్పులు వచ్చాయి, బస్సెక్కే ముందు బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కునే అవస్థ వచ్చింది. ఎండోస్కోపీ అయింది, కొలనోస్కోపీ అయింది. రిపోర్టులన్నీ నార్మల్. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఆ మాట ఎంత కోపం తెప్పిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు. చివరికి ఐబీఎస్ అన్నారు. పేగుకు పుండు లేదు, వాపు లేదు. దాని నరాలకే ఒళ్లంతా చెవులు. పక్కవాడి పేగు పట్టించుకోని కాస్త గాలిని నా పేగు పోటుగా వింటుంది. అప్పుడొచ్చావు నువ్వు, ఒక కాగితం మీద రెండు వరుసలుగా: తినొచ్చు, తినకూడదు. రెండో వరుసే పొడుగు.

గుంటూరువాణ్ణి. ఆ వరుసలో మొదటి పేరు ఏదో చెప్పక్కర్లేదు.

మిరపకాయా, ముందు నీ లెక్క తేల్చాలి. కడుపులో పుండంటే చాలు, తరాలుగా నిన్నే తిట్టుకున్నాం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పెంచి చూపించారు. పుండ్లకు కారణం ఇదయ్యా అంటే నమ్మేవాళ్లు తక్కువయ్యారు. దాంతో 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని తనే తాగేసి, తన కడుపునే సాక్షిగా బోనెక్కించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నీ మీద కేసు కొట్టేశారు. అయినా మా ఇంటికి రావద్దు. నీలోని కాప్సైసిన్ నాలుక మీద ఏ నరాలను మీటుతుందో ఆ జాతి నరాలే పేగు పొడుగునా ఉన్నాయి, నావి అసలే అలిగి కూర్చున్నాయి. నిర్దోషివే, దూరంగా ఉండు. మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తూ తుమ్మడం వరకే మన చుట్టరికం. పోర్చుగీసువాళ్లు నిన్ను ఈ తీరానికి తేకముందు ఇక్కడ ఘాటంటే మిరియమే కదా! మిరియాల చారు కాచిన రోజున నేను నీకంటే పాత కాలంలో భోంచేస్తున్నాను.

ఇక ఉల్లిపాయ. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదన్నవాడికి ఐబీఎస్ లేదు, అది ఖాయం. ఉల్లిలో, వెల్లుల్లిలో, గోధుమలో ఫ్రక్టాన్లనే చక్కెరలుంటాయి. కందిపప్పులో, శనగల్లో, రాజ్మాలో ఇంకో రకం. వీటిని తెంచే ఎంజైము మనిషన్నవాడి పేగులో లేదు, పహిల్వాను పేగులోనూ లేదు. అవి అరక్కుండా చిన్నపేగు దాటి, దారిలో నీళ్లు లాక్కుంటూ పెద్దపేగు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియాకు విందు, మనకు గాలి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి చక్కెరలన్నిటినీ ఫాడ్‌మ్యాప్ అనే ఒక్క పేరు కింద చేర్చి, ఏ గింజలో ఎంత, ఏ కాయలో ఎంత అని కొలిచి పట్టికలు వేశారు. ఆ పట్టిక చూస్తే తెలుగువాడికి కళ్లు తిరుగుతాయి. పప్పూ పోయె, పులుసులో ఉల్లిపాయా పోయె, చారులో వెల్లుల్లీ పోయె.

కానీ పథ్యమా, నువ్వు మరీ రాతిగుండెదానివి కావు. ఫ్రక్టాను నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఈ ఒక్క రహస్యం మీద మా వంటిల్లు నిలబడి ఉంది. మూకుడులో నూనె కాగాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు చిదపకుండా వేస్తాను. చుట్టూ బుడగలు లేస్తాయి. అంచులు బంగారు రంగుకు తిరిగి, ఇంకో క్షణం ఉంచితే మాడతాయనగా చిల్లుల గరిటెతో తీసేస్తాను. ఆ రెబ్బలు మా అబ్బాయి కంచంలోకి పోతాయి. నూనె నాది. అందులో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, కరివేపాకు వేసి చారులోకి వంచితే, చుయ్‌మన్న చప్పుడుతో వెల్లుల్లి ఇల్లంతా తిరిగొస్తుంది. మనిషి వెళ్లిపోయి మాట మిగిలినట్టు.

ఇంగువా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణి! ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో ఒక మొక్క వేరుకు గాటు పెడితే కారిన పాలు గడ్డకట్టి, ఇంతింత దూరం దాటొచ్చి, చిటికెడుతో ఉల్లిపాయ లోటు తీరుస్తావు. మన నేలమీద నిన్ను పండించే ప్రయత్నం 2020లో హిమాచల్‌లోని లాహౌల్‌లో మొదలైంది. అక్కడ మొలకెత్తిన ప్రతి ఆకుకూ నా దీవెన. డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ బొత్తిగా పడనివాళ్లు డబ్బా వెనక చిన్నక్షరాలు చదివి కొనాలి. కళ్లజోడు పెట్టుకుని కిరాణా కొట్లో నిలబడి చదువుకునే అలవాటు కూడా, పథ్యమా, నీ వరమే.

మజ్జిగా! నీ దగ్గరికొచ్చేసరికి నా గొంతు మెత్తబడుతుంది. గోరువెచ్చని పాలలో రాత్రి వేసిన చెంచాడు తోడు తెల్లవార్లూ నా పని చేసిపెడుతుంది. పాలలోని లాక్టోజ్‌ను కొంత అక్కడే తినేసి, మిగిలిందాన్ని అరిగించడానికి నా కడుపులోకీ వెంట వస్తుంది. అందుకే గ్లాసు పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. అందరికీ పడుతుందని ఒట్టు మాత్రం వేయను. కవ్వంతో చిలికి, తేలిన వెన్న తీసి, దండిగా నీళ్లు పోసి, ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, చితక్కొట్టిన అల్లం, వేళ్ల మధ్య నలిపిన కరివేపాకు. గ్లాసు ఎత్తితే ముందు ఆకు వాసన, తర్వాత పులుపు, గొంతు దిగాక అల్లం వెచ్చన. ఆయుర్వేదం గ్రహణి అనే పేగు జబ్బు పథ్యంలో నీకే ముందు పీట వేసింది.

బీరకాయా, పొట్లకాయా, ఆనపకాయా! నీటితో బతికే కూరల్లారా! కారం రాజ్యమేలిన రోజుల్లో మిమ్మల్ని జ్వరాల కూరలని వెక్కిరించాం. లేత బీరకాయ చెక్కు తీసి, మూత పెట్టి, దాని నీటిలో దాన్నే మగ్గనిచ్చి, ఉప్పు, కాస్త పెసరపప్పు వేసి దించితే అందులో ఎంత తీపి ఉందో! ఆనపకాయను మాత్రం వండేముందు ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారేయండి. చేదు ఆనపకాయ రసం ప్రాణం మీదికి తెస్తుంది. పథ్యం పేరుతో పచ్చి రసాలు పరగడుపున తాగేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి.

నీతో అసలు కష్టం ఆకలి కాదు పథ్యమా, వద్దనడం. మన దగ్గర ప్రేమ గరిటెతోనే వస్తుంది. ఆకు ముందు వంగి, "అదేంటండీ బావగారూ, వంకాయ ముట్టుకోలేదు?" అంటారు.

"పడదండీ."

"ఒక్కటి తింటే ఏమవుద్ది? నెయ్యి వేయిస్తానుండండి."

ఒక్కటి తింటే ఏమవుతుందో ఆకు ముందు కూర్చుని చెప్పే విషయం కాదు. చెప్పకపోతే మర్యాద తెలియనివాడు, చెబితే విందు పాడుచేసినవాడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వడం ఒక విద్య, నాకింకా పూర్తిగా రాలేదు. వచ్చినవాళ్లకు నమస్కారం. అంతకంటే పెద్ద నమస్కారం మా పిన్నికి. శుభకార్యమేదైనా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నా చొక్కా పట్టి లాగి, "ఒరే, ఉల్లిపాయ వేయకముందే నీకు తీసిపెట్టాన్రా, గూట్లో ఉంది" అంటుంది. ఎలా ఉంది ఒంట్లో అనడగదు, ఫలానా ఆకు నమలమని చెప్పదు. ఆ గిన్నె మీద బోర్లించిన పళ్లేనికి చేతులెత్తి మొక్కుతాను.

తినలేకపోవడం చిన్న బాధని ఎవరైనా అంటే వాళ్లకు భీమవరం కథ చెబుతాను. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ రోగం రోజుల తేడాలో తీసుకుపోయింది. తిన్నది ఒంటబట్టనివ్వని రోగమది. ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కాడు. 1922లో బోస్టన్ వెళ్లాడు. 1940ల్లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తోబుట్టువుల్ని మింగిన రోగానికి అది మందయింది. గర్భిణులకు ఇప్పుడిచ్చే చిన్న మాత్రలోనూ అదే ఉంది.

పథ్యమా, నీ పేరు చెప్పుకుని బతికేవాళ్లు ఎక్కువయ్యారు. ఫోన్ తెరిస్తే ఒకాయన గోధుమ మానమంటాడు, ఇంకొకాయన పాలు మానమంటాడు, మూడో ఆయన ఉప్పే మానమంటాడు. మానడం చెప్పేవాళ్లే, మళ్లీ మొదలుపెట్టడం చెప్పేవాడు కనబడడు. ఫాడ్‌మ్యాప్ పథ్యం కట్టుదిట్టంగా ఉండాల్సింది 2 నుంచి 6 వారాలే. ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసుకోవాలి, వీలైతే డైటీషియన్ చెప్పినట్టు. ఏళ్లతరబడి అన్నీ మానేస్తే పోషకాలూ తగ్గుతాయి, పేగులో మనకు మేలుచేసే బ్యాక్టీరియా కూడా పస్తుంటుంది. విరేచనంలో నెత్తురు పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి నిద్రలోంచి లేపినా అది నీ పని కాదు, డాక్టరు పని. ఈ హద్దులు తెలిసినదానివి కాబట్టే నువ్వంటే నాకు గౌరవం.

సరే, ఇప్పుడు తలుపు తీసే వేళ. రండి, ఒక్కొక్కరే, తోసుకోవద్దు. కందిపప్పూ, ముందు నువ్వు. రాత్రంతా నాను, ఆ నీళ్లు పారబోయించుకో, మెత్తగా ఉడుకు. తొలిరోజు రెండు చెంచాలు, పడితే మర్నాడు చిన్న గరిటె, ఆపై ఇంకాస్త. మూడురోజులు నిన్ను చూశాకే ఇంకొకరి మాట. గోధుమా, నువ్వు వరండాలో కూర్చో. ఉల్లిపాయా, సామెత చూపించి ముందుకు రాకు. నీ వంతు పై వారం, అదీ అట్టు మీద చల్లినంతే.