మూలగ్రంథము - దర్శకుని చూపు

నవల చదివినవారు చిత్రశాలనుండి వెలుపలికి వచ్చుచు అడుగు మొదటి ప్రశ్న, "మూలమును చెడగొట్టలేదు గదా?" అన్నది. రచయితల గోష్ఠులలో ఈ ప్రశ్నకు గౌరవము హెచ్చు. దర్శకుడు తాళపత్రమునకు ప్రతి వ్రాయు లేఖకునివంటివాడనియు, అక్షరము తప్పకుండ దించినచో మెప్పు, తప్పినచో నింద అతనికి చెందవలెననియు ఈ ప్రశ్న వెనుక ఒక తలంపు దాగియున్నది. కథానుగుణమైన పాటలు, పదునైన సంభాషణలు ఉన్నవా యని వెదకు మన చిత్రవిమర్శ చాలవరకు ఈ తలంపునుండి పుట్టినదే. కాని ఉత్తమ దర్శకుల కృతులను ఒక్కొక్కరివిగా పరిశీలించినచో, వారు మూలమును అనుసరించిన చోటులకంటె విడిచిన చోటులలోనే ఎక్కువగా తెలియవచ్చెదరు.

ఈ పరిశీలనకు తెలుగుదేశమునకు వెలుపల ఒక మంచి తావున్నది. అది పశ్చిమ వంగములోని ఖరగ్‌పూర్. పందొమ్మిదవ శతాబ్ది చివరను బెంగాల్-నాగపూర్ రైల్వే అక్కడికి చేరి, తరువాత కర్మాగారము వెలసినమీదట, ఉత్తరాంధ్రమునుండి ఎన్నో కుటుంబములు ఆ రైలుదారినే పోయి అక్కడ స్థిరపడినవి. 1927లో ఆ కార్మికులు సాగించిన సమ్మెతో వి.వి. గిరి పేరు ముడివడియున్నది. ఊరి అంచున, 1951లో హిజ్లీ నిర్బంధశిబిరపు భవనములో ఆరంభమైన ఐ.ఐ.టి.ని ఆనుకొని ప్రేమ్ బజార్ ఉన్నది. ఇంట తెలుగు, అంగడిలో వంగభాష, ఉద్యోగశాలలో హిందీ వినబడు బ్రదుకు అక్కడి తెలుగువానిది. సత్యజిత్ రాయ్ చిత్రములో అపు పలుకులను తెరక్రింది అక్షరముల సాయము లేకుండ వినగలవాడు, మృణాల్ సేన్ తీసిన తెలుగు చిత్రమును కూడ అట్లే వినగలవాడు మన పాఠకలోకములో అరుదు. అట్టి ప్రేక్షకుడు ఆ రైల్వే పట్టణములో ఉండుటకు అవకాశమున్నది. పైగా రైలుకూత అతనికి నిత్యకృత్యము. ఈ దర్శకులను పోల్చిచూచుటకు ఆ రైలే మంచి కొలబద్ద.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 'పథేర్ పాంచాలీ' 1929లో గ్రంథముగా వెలువడినది. ఆ నవలలో దుర్గ రైలును చూడనేలేదు. అక్కాతమ్ముళ్లు ఒకమారు రైలుదారిని వెదకుచు బయలుదేరి త్రోవతప్పుదురు. తరువాత రోగశయ్యపై ఆ బాలిక తమ్ముని అడుగునది, తనకు ఎన్నడైన రైలుబండిని చూపింతువా యని. చూపుట జరుగలేదు. 1955లో రాయ్ తీసిన చిత్రములో పిల్లలిద్దరు రెల్లుపూల నడుమ నడచి రైలుదారి చేరుదురు. తంతికంబమునకు చెవియొగ్గి ఆ ఝుంకారమును విందురు. బండి వచ్చువేళకు దుర్గ తడబడి పడిపోవును, అపు గట్టువరకు పరుగెత్తును. నల్లని పొగ తెల్లని పూలపై పరచుకొనును.

నవలాభిమానికి ఇది ద్రోహముగా తోచవచ్చును. ఆ తీరని కోరికయే గదా ఆ ఘట్టమునకు ప్రాణము! అయితే కాగితముపై 'చూడలేదు' అన్న ఒక్క మాటతో కలుగు వేదనను తెరపై చూపుటెట్లు? చూడనిదానిని కెమెరా చూపజాలదు. రాయ్ రైలును చూపించి, అక్కను వెనుకకు ఉంచి, తమ్ముని ముందుకు పంపినారు. ఆ బండి అపుది, ఊరు విడిచిపోవలసినవానిది. నవలలో మాటవలన తెలిసినది ఇక్కడ ఇద్దరు పిల్లల మధ్యనున్న కొన్ని అడుగుల దూరమువలన తెలిసినది. 1959 నాటి 'అపుర్ సంసార్'లో అదే రైలు కలకత్తాలో అద్దెగది ప్రక్కనే పోవుచు, క్రొత్త కోడలు చెవులు మూసికొనునట్టి రొద అయినది. భార్య మరణించినపిదప అపు చావు తలపెట్టి నిలిచినది కూడ పట్టాల ప్రక్కనే. మూడు చిత్రములలో ఒక్క వస్తువు వింత నుండి విసుగువరకు, విసుగు నుండి మృత్యుభయమువరకు నడచినది. దీనిని గూర్చి పాత్ర లెవ్వరును ఉపన్యసింపరు. జపాను దర్శకుడు ఒజు 1953లో తీసిన 'టోక్యో కథ' చివర, మామగారిచ్చిన గడియారమును చేతబట్టి రైలులో కూర్చున్న కోడలి మౌనము ఈ జాతికి చెందినదే.

ఋత్విక్ ఘటక్ దారి వేరు. ఆయన మృదువుగా చెప్పుట కలవాటుపడినవారు కారు. 1961లో వచ్చిన 'కోమల్ గాంధార్'లో నాయికానాయకులు పద్మానది ఒడ్డున నిలుతురు. ఆవలి ఒడ్డు పరదేశమైనది. ఒకప్పుడు రెండు వంగములను కలిపిన ఇనుపదారి అక్కడ అడ్డుకొయ్యవద్ద ఆగిపోయినది. కెమెరా ఆ పట్టాలవెంట వేగముగా పరుగెత్తి అడ్డుకొయ్యను తాకగానే తెర నల్లబడును. దేశవిభజనపై వచ్చిన గ్రంథములెన్నో చెప్పినదానిని ఆ చీకటి చెప్పును. ఆ ఘట్టములో నేపథ్యగానము మితిమీరినదని ఆక్షేపించువారున్నారు, ఆ ఆక్షేపణ పూర్తిగా నిరాధారము కాదు. ఘటక్ ఉద్వేగము ఒక్కొక్కప్పుడు కూర్పును మించిపోవును. అయినను ఖరగ్‌పూర్ నుండి ఆంధ్రమునకు వచ్చు బండి జలేశ్వర్ ప్రాంతమున దాటు సువర్ణరేఖానది పేరనే ఆయన మరొక మహాచిత్రమును తీసినారనియు, ఊరు వదలినవాని దుఃఖము ఆ చిత్రమునకు మూలధాతువనియు తెలిసినవారు ఆ వంతెనపై కిటికీనుండి చూచునప్పుడు ఒక క్షణమైన ఆగి ఆలోచింపకపోరు.

మృణాల్ సేన్ తెలుగువారికి ఎక్కువ కావలసినవారు. ఆయన 1969లో హిందీలో తీసిన 'భువన్ షోమ్' కథానాయకుడు కఠినుడైన రైల్వే అధికారి, లంచము పుచ్చుకొను టికెట్టు కలెక్టరుపై చర్యకు పూనుకొన్నవాడు. రైలు అక్కడ హోదాకు, నిబంధనలకు ప్రతినిధి, ఆ అధికారి దానిని దిగి ఎడ్లబండి ఎక్కినపుడుగాని కథ కదలదు. ఆ చిత్రములోని హాస్యము రైల్వే ఊళ్లలో తెలిసినంతగా ఇతరచోట్ల తెలియదు.

ఒరియాలో 'మాటిర మణిష' తీసిన తరువాత కొంతకాలమునకు సేన్ 1977లో తెలుగునకు వచ్చినారు. ఆ చిత్రము పేరు 'ఒక ఊరి కథ'. మూలము ప్రేమ్‌చంద్ చివరి రోజులలో వ్రాసిన 'కఫన్'. ఆ కథ తెలియనివారు తక్కువ. గుడిసె వెలుపల తండ్రి కొడుకులు ఉర్లగడ్డలు కాల్చుకొని తినుచుందురు. లోపల కోడలు ప్రసవవేదనతో మూలుగుచుండును. తాను లోపలికి పోయినచో రెండవవాడు గడ్డలన్ని తినివేయునని ఇద్దరికి భయము. ఆమె చనిపోవును. కఫన్‌కై యాచించి తెచ్చిన సొమ్ము కల్లుపాకలో ఖర్చగును. ఆ కథలో బుధియా నోట ఒక్క మాట లేదు. ఆమె మూలుగు మాత్రమే ఉన్నది.

సేన్ చేసిన ముఖ్యమైన మార్పు ఆమెకు మాట నిచ్చుట. చిత్రములో ఆమె నీలమ్మ. మరణముతో గాక, వివాహమునకు పూర్వమునుండియే కథ ఆరంభమగును. మామ వెంకయ్య పని చేయనివాడు మాత్రమే కాడు, పని చేయరాదను సిద్ధాంతము గలవాడు. చెమటోడ్చినకొలది భూస్వామి బలియునని, కూలి చేయువాడు మూర్ఖుడని అతని వాదము. ప్రేమ్‌చంద్ ఒకచోట వ్యంగ్యముగా తడవి విడిచిన భావమును సేన్ పెంచి, ఒక ముదుసలి తిరుగుబాటుగా నిలిపినారు. ఆ వాదములో ప్రేక్షకుని ఆకర్షించు బలమున్నది. అప్పుడు నీలమ్మ ఆ ఇంట అడుగిడును. ఆమెకు పొయ్యి వెలుగవలెను, ఇల్లు ఇల్లుగా ఉండవలెను, అందుకై ఆమె కష్టపడును. వెంకయ్య సోమరితనము ఎవరి రెక్కలపై నిలుచునో అప్పటినుండి దాచుటకు వీలులేదు. యజమానిపై పురుషుడు చేసిన తిరుగుబాటునకు వెల చెల్లించినది ఇంటిలోని స్త్రీ. ఈ సత్యము 'కఫన్'లో ఊహకు వదలబడినది, 'ఒక ఊరి కథ'లో కంటి ముందున్నది. మూలవిధేయతయే ప్రమాణమైనచో ఈ చిత్రములోని శ్రేష్ఠభాగమంతయు దోషముగా లెక్కకు వచ్చును!

ఇది తెలుగు చిత్రమా యని మరొక ప్రశ్న. కథ హిందీ-ఉర్దూలది, దర్శకుడు వంగీయుడు, వెంకయ్యగా నటించిన వాసుదేవరావు కన్నడ 'చోమన దుడి'లో జాతీయ బహుమతి నందినవాడు, నీలమ్మగా నటించిన మమతా శంకర్ వంగనటి. కార్లోవీ వారీ చిత్రోత్సవమున గౌరవము పొందినప్పుడు ఇది తెలుగు పేరిటనే పొందినది. మన సాహిత్యచర్చలలో దీనికి దక్కిన చోటు ఏపాటిది? ఇందులోని ఊరికి పేరు లేదు, నిర్దిష్టమైన మన్ను లేదు అన్న లోపమును మాత్రము కప్పిపుచ్చరాదు. శీర్షికయే ఆ మాట ఒప్పుకొన్నది. పేదరికము ఎక్కడైన ఒకటేయన్న నమ్మకము సేన్‌కు బలము, కొంత బలహీనత కూడ. భూస్వామి ఇంటి వాకిలి ఈ ప్రాంతముదేనని గుర్తుపట్టుటకు తెలుగు ప్రేక్షకునికి ఆధారములు తక్కువ.

ఆ కొరత తీర్చినది బి. నర్సింగరావు. మరొక వంగీయుడు గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారముగా తెలంగాణ రైతాంగ పోరాటముపై 1979లో 'మా భూమి' నిర్మించిన వారిలో ఆయన ఒకరు. 1988లో స్వయముగా 'దాసి' తీసినారు. గడిలో దొరసాని వెంట వచ్చిన దాసి కమలాక్షి అందు కేంద్రము. చిత్రకారుడైన నర్సింగరావు గోడల సున్నమును, ఇత్తడి పాత్రలను, వాకిటి నీడలను మాటలకు బదులు వాడినారు. అర్చనకు ఉత్తమనటి బహుమతి తెచ్చిన ఆ పాత్ర మాటలాడుట బహు స్వల్పము. నీలమ్మకు మాట నిచ్చుటవలన సేన్ సాధించినదానిని, కమలాక్షి మాటను తగ్గించుటవలన నర్సింగరావు సాధించినారు. ఆమె ఎవరి ఆజ్ఞకు ఎంత వేగముగా లేచునో, ఏ గడపవద్ద ఆగునో చూచినవారికి ఆ గడి కట్టుబాట్లన్నియు తెలిసిపోవును.