‘అర్థమైందా?’ అని అడగొద్దు

బడిలో పాఠం చెప్పాలంటే డీఎడ్డో బీఎడ్డో చదివుండాలి. డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు చెప్పడానికి ఆ నియమం లేదు. నిన్నటిదాకా ల్యాబులో తన ప్రయోగమేదో తాను చేసుకుంటున్న రీసెర్చ్ స్కాలర్‌ని పిలిచి, రేపట్నుంచి ట్యుటోరియల్ తీసుకోమంటాం. సబ్జెక్టు వచ్చు కదా, చెప్పేస్తాడులే అని ధీమా. సబ్జెక్టు రావడం వేరు, ఎదుటివాళ్లకు అది ఎక్కడ కొరుకుడు పడటం లేదో కనిపెట్టడం వేరు.

అందుకే స్కాలర్లను క్లాసుకు పంపేముందు, తోటి స్కాలర్లను విద్యార్థులుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత కాసేపు పాఠం చెప్పిస్తాను. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన మైక్రో టీచింగ్ పద్ధతే ఇది. మన బీఎడ్ కాలేజీలకు కొత్తేం కాదు: ఆరు నిమిషాల పాఠం, దానిమీద చర్చ, దిద్దుకుని మళ్లీ అదే పాఠం.

ఈమధ్య ఒకమ్మాయి వాలుతలం లెక్క చెబుతోంది. నేను ముందే చెప్పి ఉంచిన కుర్రాడు లేచి, “నార్మల్ ఫోర్స్ ఎంజీ కదా మేడం” అన్నాడు. “కాదు, ఎంజీ కాస్ తీటా” అని బోర్డు మీద రాసేసి, “అర్థమైందా?” అంది. అందరూ తలూపారు. ఏ క్లాసులోనైనా ఊపేది అలాగే. “ఎంజీ అని ఎందుకనుకున్నాడో అడుగమ్మా” అన్నాను. అడిగింది. “బల్లమీద ఉన్నప్పుడు ఎంజీయే కదా, బరువేం మారలేదుగా!” అన్నాడతను. ఆ తప్పు వెనకా ఒక ఆలోచన ఉంది. అప్పుడామె పుస్తకం మీద డస్టర్ పెట్టి, మెల్లగా వాల్చి, “ఇప్పుడు పుస్తకం దీన్ని ఏవైపు నెడుతోంది?” అని అడిగి ఆగింది.

ఆ ఆగడమే కష్టం. స్కూలు సైన్సు తరగతుల రికార్డింగులు విన్న అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో, టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని 1970ల్లో గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరిగాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది. అమెరికాలో టీచింగ్ అసిస్టెంట్లుగా చేరే మన పిల్లలు తమ యాస గురించి బెంగపడుతుంటారు. నన్నడిగితే, ముందు నేర్వాల్సింది ఈ మూడు సెకన్లే.

పీహెచ్‌డీ స్కాలర్లందరూ బోధనలో శిక్షణ పొందాలని 2022 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబు పనులు అప్పగించవచ్చనీ అన్నాయి. ఆ గంటలన్నీ ఇన్విజిలేషన్‌కీ మార్కుల ఎంట్రీకీ పోతే ఆ నిబంధన కాగితం మీదే మిగులుతుంది. విభాగాధిపతులకు నా మనవి ఒక్కటే. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ వేసేటప్పుడు, క్లాసులు మొదలయ్యేలోపు రెండు మధ్యాహ్నాలు స్కాలర్ల సాధన పాఠాలకు కేటాయించండి. ఖాళీ గది, ఒక బోర్డు, నలుగురు స్కాలర్లు, ఓపికగా కూర్చుని చూసే ఒక సీనియర్ మాష్టారు ఉంటే చాలు.